పొడి ముడి

కిందటి వారం మీరు మా ఆయన్నీ, మా తమ్ముణ్ణీ గంటర్స్‌విల్ రేవులో అంతమంది పడవలవాళ్ళ ముందు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళింకా అలాగే ఉన్నారు. అక్కణ్ణించే చెబుతాను.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు ట్వైలా లెడ్‌బెటర్. మా ఆయన హోయ్ట్, మా తమ్ముడు రేఫర్డ్ ఇద్దరూ జంటగా బాస్ చేపల పోటీలకు వెళతారు. వెళ్ళే పడవ ఇద్దరూ కలిసి కొన్నదే. పెళ్ళిలో నా పక్కన నిలబడ్డప్పటి కంటే ఆ పడవలో మా తమ్ముడి పక్కన నిలబడ్డప్పుడే హోయ్ట్ మొహం ఎక్కువ వెలిగిందని మా అమ్మ బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉంది. అలాంటి జంట పోయిన శనివారం విడిపోయింది. పోటీ ముగిసేవేళకి కాస్త ముందు హోయ్ట్ గాలానికి ఎనిమిది పౌండ్ల పైమాట తూగే బాస్ పడింది. పడవ పక్కదాకా వచ్చేసింది. రేఫర్డ్ చేతివల పట్టుకుని వంగాడు. చేప ఒక్కసారి తల విదిల్చింది, దారం తెగింది, చేప పోయింది. దానితోపాటు మొదటి బహుమతీ పోయింది. రేవుకి వచ్చాక మా ఆయన అందరికీ వినపడేలా అన్నాడు: "కుళ్ళిన దారం నా రీలుకి చుట్టి, మంచిది తన రీలుకి ఉంచుకున్నాడు మా బావమరిది."

రేఫర్డ్ ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయాడు. వారం రోజులుగా ఫోను ఎత్తలేదు.

అసలీ దారం గొడవ వసంతకాలంలో మొదలైంది. వానలు సరిగ్గా పడక సరస్సులో నీళ్ళు తేరుకుని అడుగున ఉన్న గడ్డి కూడా కనిపించడం మొదలైంది. హోయ్ట్ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నైలాన్ దారమే వాడాడు. ఈసారేమో చేపలు ఎర దాకా వచ్చి, చూసి, తిరిగి పోతున్నాయి. రేఫర్డ్ మాత్రం ఫ్లోరోకార్బన్ దారం వేసి ఒకదాని తరవాత ఒకటి లాగుతున్నాడు.

"బావా, అది నీ ఎరని చూసి బెదరట్లేదు, నీ దారాన్ని చూసి బెదురుతోంది. బట్టలారేసే తాడేసుకుని తిరుగుతున్నావు నువ్వు," అనేవాడు రేఫర్డ్. "ఇది నీళ్ళలో పడితే నీళ్ళలాగే ఉంటుంది. పైగా తేలదు, మునుగుతుంది. సాగదు. అడుగున గులకరాయి తగిలినా నీ వేలికి తెలుస్తుంది."

"కనపడనిదాన్ని నమ్మడం ఆదివారం చర్చిలో చాలురా. శనివారం పడవలో కూడానా," అనేవాడు మా ఆయన.

అయినా ఒకరోజు మా ఆయన రేఫర్డ్ గాలపు కర్ర చేతికి తీసుకుని నాలుగుసార్లు విసిరి చూశాడు. అడుగున ఎర కొమ్మకి రాసుకుంటోందా, గడ్డిలో పోతోందా, చేప నోట్లో పెట్టుకుందా అన్నది కర్ర పట్టుకున్న చేతికి అంత బాగా తెలియడం ఆయన జీవితంలో మొదటిసారి. ఆ రాత్రి భోజనాల దగ్గర నాతో ఒప్పుకున్నాడు. మా తమ్ముడితో మాత్రం "ఏదోలే, బాగానే ఉంది" అన్నాడు. తరవాత లావు సన్నం మీద ఇంకో వారం పోట్లాడుకున్నారు. ఈయన ఇరవై పౌండ్ల బరువు ఆపే దారం కావాలంటాడు, వాడు తేటనీళ్ళకి పన్నెండు చాలంటాడు, చివరికి మధ్యలో పదిహేను దగ్గర రాజీ పడ్డారు. నీటిమీద తేలే ఎరలకు మటుకు పాత నైలానే ఉంచారు, ఎందుకంటే మునిగే దారం కట్టామంటే అది ఎర ముక్కు పట్టుకుని నీళ్ళలోకి లాగేస్తుంది. ఇవన్నీ నాకెలా తెలుసని అడక్కండి. నా వంటింటి బల్లమీద కూరగాయల కంటే ఎక్కువగా దారపు చుట్టలే ఉంటాయి.

పోటీకి ముందురోజు సాయంత్రం హోయ్ట్ ఏదో పనిమీద హంట్స్‌విల్ వెళ్ళాడు. ఆయన రీళ్ళకి కొత్త దారం రేఫర్డే చుట్టాడు. అందుకే నింద వాడి మీద పడింది.

ఇక ఇవాళ్టి సంగతి.

చర్చి నుంచి వచ్చి కోడి వేయించి, బెండకాయ ముక్కలు మొక్కజొన్న పిండిలో దొర్లించి నూనెలో వేస్తుంటే రేఫర్డ్ ట్రక్కు చప్పుడైంది. నా ప్రాణం లేచొచ్చింది. వచ్చాడంటే వంటింట్లోకి రావాలి, గిన్నెల మూతలు తీసి చూడాలి, నాతో చీవాట్లు తినాలి. వాడు రాలేదు. కిటికీలోంచి చూస్తే నేరుగా కారు షెడ్డులోకి వెళ్ళి, ట్రైలర్ మీదున్న పడవెక్కి, తన సామానంతా ప్లాస్టిక్ తొట్టిలోకి సర్దుకుంటున్నాడు.

పొయ్యి కట్టేసి, చేతిలో తువ్వాలుతోనే బయటికి వెళ్ళాను.

"తిన్నావా?"

"ఆకల్లేదక్కా."

"కోడి వేయించిన రోజున నీకు ఆకలి లేకపోవడం నేను పుట్టాక చూళ్ళేదు. ఆ సామాను ఎక్కడికి?"

వాడు తల ఎత్తకుండానే చెప్పాడు. "నాలుగింటికి స్కాట్స్‌బరో నుంచి ఒకాయన వస్తున్నాడు. పడవ చూసుకుంటాడు. నచ్చితే ఇవాళే లాక్కెళ్ళిపోతాడు. బావకి తెలుసు."

వెనక్కి తిరిగి చూశాను. హోయ్ట్ తలుపు దగ్గర టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నాకు చెప్పాలనిపించలేదా?"

"పడవ మా ఇద్దరిదీ."

"అవునవును. మీరిద్దరూ మాత్రం నావాళ్ళు కాదు. ఎవరో దారిన పోయేవాళ్ళు," అన్నాను. ఆయన టీ గ్లాసులోకి చూసుకున్నాడు.

మీకు ఉన్న మాట చెబుతాను. పడవ పోతే నాకేం బాధ లేదు, నా కారు ఎండలో పెట్టుకునే ఖర్మ తప్పుతుంది. కానీ ఆ పడవ వెళ్ళాక రేఫర్డ్ మా గుమ్మంలోకి ఎందుకు వస్తాడు? పెళ్ళాం వదిలేసి వెళ్ళిన దగ్గర్నుంచి వాడికి ఉన్నది ఈ ఇల్లొక్కటే. నాకు ఉన్నదీ ఆ తమ్ముడొక్కడే. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. ఎవరి పక్షం మాట్లాడినా రెండోవాడు పోతాడని వారం రోజులు నోరు కట్టుకుని కూర్చున్నాను. ఇంక కూర్చోలేకపోయాను.

"ఒరేయ్, ఆ తెగిన దారం ఏది?" అన్నాను.

ఇద్దరూ ఒక్కసారే నా వంక చూశారు. మా ప్రాంతంలో చేపని పోగొట్టుకున్న కర్రని, పోగొట్టుకున్నవాడు తీసేదాకా ఇంకొకరు ముట్టుకోరు. తల్లి అయినా సరే, పెళ్ళాం అయినా సరే. వారం రోజులుగా ఆ కర్ర పడవ పెట్టెలో అలాగే పడి ఉంది. హోయ్ట్ దాని మొహం చూడలేదు.

"ట్వైలా, దాని జోలికి పోకు," అన్నాడు హోయ్ట్.

"నువ్వు నా తమ్ముడి జోలికి పోలేదూ?" అని పడవెక్కి పెట్టె మూత తీశాను. కర్రని తీసుకెళ్ళి రేఫర్డ్ చేతిలో పెట్టాను. "నువ్వు చుట్టిన దారం. కుళ్ళిందో లేదో నువ్వే చెప్పు. కుళ్ళిందైతే మీ బావ కాళ్ళు పట్టుకో. కాకపోతే ఆయన చేత పట్టించుకో. ఆ స్కాట్స్‌బరో మనిషి వచ్చేలోపు తేలిపోవాలి."

రేఫర్డ్ తొట్టి పక్కకి నెట్టాడు. తరవాత రీలు నుంచి రెండు బారల దారం లాగి, రెండు చేతులకీ చుట్టుకుని గట్టిగా గుంజాడు. తెగలేదు. ఇంకోచోట గుంజాడు. అక్కడా తెగలేదు. చేతులమీద ఎర్రటి వాతలు పడ్డాయి.

"కుళ్ళిన దారం ఇలా ఉంటుందా బావా?"

"పైదంతా బాగానే ఉండొచ్చు. కొస దగ్గర పాడై ఉంటుంది," అన్నాడు హోయ్ట్.

రేఫర్డ్ కొస వైపు దారాన్ని పెదాల మధ్య పెట్టుకుని మెల్లగా లాగాడు. గరుకు ఎక్కడున్నా వేలికి తెలియకపోవచ్చు గానీ పెదవికి తెలుస్తుంది. రాయికి గీసుకున్నా, దుంగకి రాసుకున్నా, వల అంచు తగిలినా అక్కడ దారం గీరుకుపోయి ఉంటుంది. రెండుసార్లు అలా లాగి చూశాడు.

"నున్నగా ఉంది," అన్నాడు. తెగిన కొసని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. వాడి మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "అక్కా, ఇటు చూడు."

చూశాను. కొస కత్తితో కోసినట్టు లేదు. పంది తోకలాగా చిన్న మెలిక తిరిగి ఉంది, ఆ మెలిక దగ్గర దారం తెల్లగా పాలిపోయి ఉంది.

"అంటే ఏంటి?"

"అంటే దారం తెగలేదు. ముడి కాలింది." వాడు గొంతు తగ్గించాడు, బావని చిన్నబుచ్చడం వాడికి అంత కోపంలోనూ ఇష్టం లేదని నాకు అర్థమైంది. "బావా, ముడి బిగించేటప్పుడు తడి చేశావా?"

హోయ్ట్ మొహం కందిపోయింది. "నువ్వు నిక్కరు వేసుకున్న రోజుల్లో నీకు ముడి వెయ్యడం నేర్పిందెవడ్రా?"

"నువ్వే."

"ముడి తడపమని చెప్పిందెవడు?"

"నువ్వే బావా. అందుకే అడుగుతున్నా."

"పొడి ముడి వేసేవాడిలా కనిపిస్తున్నానా నీకు?"

నైలాన్ దారం అయితే కొంత ఓర్చుకుంటుంది. ఈ ఫ్లోరోకార్బన్‌కి అంత ఓర్పు లేదు. పొడిగా ఉండగా ముడి బిగిస్తే దారం మీద దారం రాసుకుని వేడెక్కి అక్కడే చచ్చుబడిపోతుంది. పైకేమీ తెలియదు. చిన్న చేపల్ని లాగుతుంది, పెద్దది తల విదిల్చగానే ఊడుతుంది. ఈ సంగతి మా సరస్సు మీద చేప పట్టే ప్రతివాడికీ తెలుసు, హోయ్ట్‌కి అందరికంటే బాగా తెలుసు. అందుకే ఆయన్ని ఆ మాట అడగడం పాస్టరు గారిని బైబిల్ చదివారా అని అడిగినట్టు అయింది.

"మాటలెందుకు," అన్నాను. "ఇక్కడే ఇప్పుడే ఒక ముడి వెయ్యి."

"ఏమే, నువ్వు నాకు పరీక్ష పెడతావా?"

"పెడతాను. పాసైతే కోడి. తప్పితే పస్తు."

రేఫర్డ్‌కి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. ఒక గాలం తీసి హోయ్ట్ చేతికి ఇచ్చాడు. మా ఆయన టీ గ్లాసు పడవ అంచు మీద పెట్టి, కళ్ళద్దాలు తగిలించుకుని, అదే దారం గాలానికి ఎక్కించి చుట్లు తిప్పడం మొదలుపెట్టాడు. ఆయన చేతులు ముడి వేస్తుంటే చూడ్డం నాకిష్టం. అంత లావు వేళ్ళు అంత చిన్న పని అంత ఒడుపుగా చేస్తాయి. చుట్లు తిప్పాడు, కొసని కన్నంలోంచి దూర్చాడు. అలవాటుగా ముడిని నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు.

నోటి దాకా వెళ్ళింది. పెదాలకి అంగుళం దూరంలో ఆగింది. పెదాలు తెరుచుకోలేదు. చెయ్యి వెనక్కి వచ్చింది. ముడి బిగించాడు.

తను ఏం చేశాడో ఆయనకి తెలియదు. తడిపాననే అనుకుంటున్నాడు. ఆయన మొహం చూస్తే అది స్పష్టంగా తెలుస్తోంది.

రేఫర్డ్ కూడా చూశాడు. గాలాన్ని ట్రైలర్ కొక్కేనికి తగిలించి, దారం రెండో వైపు చెక్కముక్కకి చుట్టి, చేపలు తూచే చేతి కాటా దానికి తగిలించి లాగాడు. ముల్లు ఏడు పౌండ్ల దగ్గరికి వచ్చేసరికి టప్పున తెగింది. కొస మెలిక తిరిగి తెల్లగా ఉంది.

తరవాత వాడు తన ముడి వేశాడు. అదే దారం, అదే గాలం. నోట్లో పెట్టి తడిపి మెల్లగా బిగించాడు. లాగాడు. ముల్లు ఏడు దాటింది, పది దాటింది, పన్నెండు దాటింది. ట్రైలర్ కిర్రుమంది. ముడి అలాగే ఉంది. ఇంక లాగడం వాడే ఆపేశాడు.

"బావా, నువ్వు తడపలేదు," అన్నాడు.

"తడిపాను."

"లేదు. మేమిద్దరం చూశాం. నోటి దాకా తీసుకెళ్ళి ఆపేశావు."

హోయ్ట్ తన చేతుల వంక చూసుకున్నాడు. తెగిన కొస వంక చూశాడు. పడవ అంచు మీద కూర్చున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నా నాలుక చివరిదాకా వచ్చింది, కానీ ఆయన కూర్చున్న తీరు చూసి మింగేశాను.

"సరస్సు నిండా నీళ్ళే కదా బావా," అన్నాడు రేఫర్డ్ మెల్లగా. "వేలు ముంచి తడిపినా సరిపోయేది."

"ఎప్పుడూ నోటితోనే చేశానురా. చెయ్యి దానంతటదే అక్కడికే పోతుంది." పెదవి తడుముకున్నాడు. "నోరే తెరుచుకోవట్లేదు."

"ఎందుకని?"

అప్పుడు నాకు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. మా ఆయన కుర్రప్పటి నుంచీ కింది పెదవి కింద పొగాకు పెట్టుకునే మనిషి. రేవులో సగంమంది అంతే. ఆయన పొగాకు ఉమ్ముతో తడిపిన ముడికి చేపలు మోజుపడి వస్తాయని కుర్రాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. మూడు వారాలుగా ట్రక్కులో ఉమ్మి కప్పు లేదు. చొక్కాల మీద మరకలు లేవు, నేను సబ్బు మారినందుకేమో అనుకున్నాను. మొక్కజొన్న రొట్టె అంచులు వదిలేస్తున్నాడు. టమాటాలు వద్దంటున్నాడు. ఇందాక తలుపు దగ్గర పట్టుకున్న టీలో ఐసు ముక్క ఒక్కటి లేదు.

"హోయ్ట్, నోరు తెరు."

"ఎందుకు?"

"తెరవమంటున్నాను."

"చిన్నపిల్లాణ్ణి కాదు నేను."

"ఆ సంగతి నాకు తెలియక చస్తున్నాను. తెరుస్తావా, నేను తెరవనా?"

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆ తరవాత చెప్పాడు. మూడు వారాల కిందట పళ్ళ డాక్టరు చూసి పొగాకు మానమన్నాడట. కింది పెదవి లోపల, ఎప్పుడూ పొగాకు పెట్టుకునే చోటే, తెల్లటి మచ్చ. హంట్స్‌విల్‌లో పెద్ద డాక్టరు దగ్గరికి పంపాడట. ఆయన చిన్న ముక్క కోసి పరీక్షకి పంపి, రెండు కుట్లు వేసి, పొగాకు కాదు కదా ఇంకేదీ ఆ పెదవి కింద పెట్టొద్దన్నాడట. అది పోటీకి ముందురోజు. హోయ్ట్ ఏదో పనిమీద హంట్స్‌విల్ వెళ్ళాడని ఇందాక అన్నానే, ఆ పని ఇది.

"అంటే శనివారం పడవలో..." అన్నాడు రేఫర్డ్.

"పడవలో ఉన్నంతసేపూ నాకు చేపలు కనపడలేదురా. ఆ మచ్చే కనపడింది. మా నాన్నకి దవడ తీసేసినప్పటి మొహం కనపడింది. ఆ చేప పడ్డప్పుడు మాత్రం ఒక్క నిమిషం అంతా మర్చిపోయాను. హాయిగా అనిపించింది. అంతలో అదీ పోయింది." మోకాలి మీది టోపీ నలిపాడు. "ఎవరో ఒకర్ని తిట్టకపోతే అక్కడే ఏడ్చేసేవాణ్ణి. దగ్గర్లో నువ్వున్నావు."

ట్రైలర్ చక్రం మీద కూలబడ్డాను. "ఏమన్నారు?" అన్నాను. "ఆ ముక్క గురించి ఏమన్నారు?"

"శుక్రవారం ఫోను చేశారు."

"ఏమన్నారు హోయ్ట్?"

"ఏం లేదన్నారు. క్యాన్సర్ కాదు. పొగాకు వల్ల చర్మం మందమెక్కింది అంతే. మళ్ళీ ముట్టుకోకపోతే దానంతటదే పోతుందన్నారు. ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు."

"శుక్రవారం," అన్నాను.

"శుక్రవారం."

"ఇవాళ ఆదివారం."

"చెప్పాలనే అనుకున్నాను. ఏం లేదట అని చెప్పాలంటే ముందు ఏదో ఉందేమోననుకున్నానని చెప్పాలి కదా. అది చెబితే నువ్వు ఇలా అవుతావు."

తువ్వాలు చేతిలోనే ఉంది. దాంతో ఆయన భుజం మీద బాదాను, వీపు మీద బాదాను, ఆయన చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీద బాదాను. మధ్యలో ఎప్పుడు ఏడుపు మొదలైందో తెలియదు. ఆయన లేచి నన్ను పట్టుకున్నాడు. ఆయన చొక్కాలో పొగాకు వాసన లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ వాసన మీద పోట్లాడాను, ఇవాళ అది లేకపోవడం చూసి ఆయన చొక్కాలో మొహం పెట్టుకుని ఇంకా ఏడ్చాను. బతికాం. నా మొగుడు బతికున్నాడు, దవడ ఉంది, పెదవి ఉంది, అబద్ధాలాడే నోరు కూడా ఉన్నదున్నట్టే ఉంది. గుండె మీదున్న బరువు ఎప్పుడెక్కిందో తెలియకుండానే దిగిపోయింది.

"అక్కా, వదిలెయ్. కుట్లు ఊడతాయి," అన్నాడు రేఫర్డ్. వాడి కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

హోయ్ట్ వాడివైపు తిరిగాడు. మా ఆయనకి క్షమాపణ అడగడం రాదు. ఆయనకి తెలిసిన పద్ధతి ఒకటుంది. "ఆ స్కాట్స్‌బరో మనిషికి ఫోన్ చెయ్. పడవ అమ్మట్లేదని చెప్పు."

"మరి రేవులో అన్న మాట?"

"రేవులో అన్నది రేవులోనే వెనక్కి తీసుకుంటాను. వచ్చే శనివారం. అందరూ ఉన్నప్పుడే."

"గట్టిగా చెప్పాలి. అప్పుడు ఎంత గట్టిగా అరిచావో అంత గట్టిగా."

"చెబుతాలేరా. ముడి వేసిందీ నేనే, పొడిగా వేసిందీ నేనే, దారం బంగారం అని చెబుతా. చాలా?"

"దారం బంగారం, బావమరిది వజ్రం," అన్నాడు రేఫర్డ్.

"అంత లేదు," అన్నాడు మా ఆయన.

రేఫర్డ్ ఫోను చేసి ఆ మనిషిని దారిలోనే ఆపేశాడు. అవతల ఆయన ఏమన్నాడో గానీ వీడు మాత్రం "ఏం చెప్పమంటారు సార్, ఇంట్లో ఆడవాళ్ళు ఒప్పుకోలేదు" అని నా మీద పెట్టాడు. పెట్టనీ. అలాంటి నిందలు రోజుకి పది మోయగలను. సామాను తొట్టి మళ్ళీ పడవలోకి ఎక్కింది. హోయ్ట్ తన రీలు తీసుకుని పాడైన కొస కత్తిరించి, గ్లాసులో మిగిలిన టీలో వేలు ముంచి ముడి తడిపి మెల్లగా బిగించాడు. రేఫర్డ్ కాటా పట్టి లాగాడు. తెగలేదు. ఇద్దరూ నాకేసి చూశారు, ఏదో నేను మార్కులు వేస్తానన్నట్టు.

"పాస్," అన్నాను. "ఇంక తినడానికి రండి."

వంటింట్లోకి వచ్చి పళ్ళేలు పెట్టాను. చల్లారిన బెండకాయలు మళ్ళీ నూనెలో వేశాను. వారం రోజుల తరవాత ఇంట్లో మనుషులున్నట్టు అనిపించింది. హోయ్ట్ మెత్తటి ముక్కలు ఏరుకుని తింటూ, తేట నీళ్ళకి ఈ దారం కాస్త సన్నంగా ఉన్నా నష్టం లేదేమో, వచ్చేసారి పన్నెండు చూద్దామా అని తనంతట తనే అన్నాడు. ఇన్నాళ్ళూ రేఫర్డ్ ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఒప్పుకోని మాట అది. మా తమ్ముడు ఎగిరి గంతెయ్యాలి.

వాడు వినలేదు. కోడి కాలు పళ్ళెంలో అలాగే ఉంది. వాడు హోయ్ట్ నోటి వంకే చూస్తున్నాడు.

"ఏరా, తినవేం?" అన్నాను. "ఇంకా కోపమేనా?"

"కోపం కాదక్కా." వాడు వెనక జేబులోంచి పొగాకు డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు. మూత తియ్యలేదు. వేలితో దాన్ని నా వైపు జరిపాడు. "బావా, నీ మచ్చ చూడ్డానికి ఎలా ఉండేది?"

హోయ్ట్ నమలడం ఆపాడు.

రేఫర్డ్ కుర్చీ జరుపుకుని కిటికీ వెలుతురుకి తిరిగాడు. రెండు వేళ్ళతో కింది పెదవి పట్టుకుని కిందికి మడిచాడు. మాట్లాడితే పెదవి జారిపోతుందని కాబోలు, ఏమీ అనకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. హోయ్ట్ కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి వంగాడు. చాలాసేపు చూశాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండానే నాతో అన్నాడు:

"ట్వైలా, ఆ హంట్స్‌విల్ డాక్టరు నంబరు నా చర్చి కోటు జేబులో ఉంది. తీసుకురా."